రాట్నానికి రెండు గంతులు

జాతరకు ఇంకా ఇరవై మూడు రోజులు

పగటి దీపాలు వెలిగేసరికి తూకపు గదిలో ఉన్నాను. కూరగాయల వీధి వాళ్లు గుమ్మడికాయలన్నీ తెచ్చి ఒకే గోదాములో పోశారు. బరువు అటు మొగ్గింది. ఎదుటి వైపు తొట్టిలోకి నాలుగు వేళ్ల నీళ్లు తోడితే సర్దుకుంది. పోసే ముందు నాకు చెప్పమని వందసార్లు చెప్పాను. వాళ్ల చెవులు పాటలు వినడానికే ఉన్నాయి.

మా ఊరు రాట్నం. పేరుకు తగ్గట్టే తిరుగుతుంది. చుక్కల మధ్య తిరిగే పెద్ద చక్రం, దాని అంచు లోపల ఆరువేల మందిమి. అది తిరుగుతుంది కాబట్టే మా కాళ్లు నేలకు ఆని ఉన్నాయి. ఒక పక్క బరువెక్కితే ఊగుతుంది. ఊగకుండా ఆరు తొట్లలో నీళ్లు అటూ ఇటూ పంపేవాణ్ణి తూకం మేస్త్రి అంటారు. అది నేను, కింతలి గవరయ్యని. ముప్పై ఒక్క ఏళ్లుగా నేనే. మిషన్లు ఆగినా ఈ తూకం పుస్తకం ఆగకూడదని, దీన్ని చేత్తోనే రాయాలని రాట్నం కట్టినవాళ్లు నియమం పెట్టారు. దీనికోసమే నలభై రెండో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నచ్చనివాళ్లు చదవక్కర్లేదు.

మధ్యాహ్నం మైదానంలో దిమ్మ మీద నిండు గిన్నె పెట్టాను. రాట్నం ఎంత ఊగుతోందో చెప్పేది ఆ గిన్నే. జాతర అయ్యేదాకా గిన్నె అంచు దాకా నీళ్లుండాలి. ఒక్క చుక్క ఒలికినా ఆ ఏటికి జాతర లేదు. నా చేతి కింద ఇప్పటివరకు ఒలకలేదు.

గిన్నె నింపుతుంటే ఈ ఏడు జాతరకు పాటలు కలిపే జంట వచ్చింది. నిర్ఝర అనే పిల్ల, ఇరవై ఆరేళ్లుంటాయి. దాని జోడీ సాల్మన్, డ్రమ్ మిషను వాయిస్తాడు. వాయిస్తాడని రాశాను గానీ, నొక్కుతాడు. మైదానంలో ఆడించే చీటీ కోసం ఇద్దరూ ఐదేళ్లు కాచుకున్నారట. ఈ ఏడు వాళ్ల చీటీ తగిలింది.

"తాతా, స్పీకర్లు ఎక్కడ పెట్టుకోమంటావు?" అంది నిర్ఝర.

"ఎక్కడెట్టినా బరువు నాకు సెప్పాల. ఎన్ని?"

"నలభై."

"నలభై ఏటికే? ఊరికి సెవుడొచ్చినాదా?"

"రావాలి తాతా. జాతర అయ్యాక మూడు రోజులు ఎవరికీ ఏమీ వినపడకూడదు. అదీ మా పంతం."

"నువ్వు పాడతావా?"

"పాడను. ఊళ్లో అందరికీ తెలిసిన పాటలు తీసుకుని కలుపుతాను. ఒక పాట గొంతు, ఇంకో పాట దరువు."

"అంటే ఎవరో ఒండిన కూరలు రెండు కలిపి ఒడ్డిస్తావన్నమాట."

"ఆ కలపడమే తాతా, వంట."

జవాబు బాగుంది. పైకి చెప్పలేదు. స్పీకర్ల బరువు రాసుకుని వచ్చేశాను.

జాతరకు ఇంకా ఇరవై రోజులు

గడ్డం గీయించుకోవడానికి పోలినాయుడి కొట్టుకు వెళ్లాను.

ఊళ్లో పాడేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ జనానికి లెక్కలో ఉన్నది ఇద్దరే. ఉజ్వల ఒకతె, బుల్లెట్ భద్రి ఒకడు. ఊరు సగానికి సగం చీలిపోయింది. ఉజ్వల పాట వస్తే భద్రి మనుషులు చేతులు కట్టుకుని పైకప్పు చూస్తారు. భద్రి పాట వస్తే ఉజ్వల మనుషులు నీళ్లు తాగడానికి పోతారు. పోలినాయుడు భద్రి దళానికి అధ్యక్షుడు. ఉజ్వల సేనకు అధ్యక్షురాలు కొండలమ్మ, వంకాయలు పండిస్తుంది. ఇద్దరూ మొగుడూ పెళ్లాం. పదకొండు జాతర్లు అయ్యాయి, ఒకరి పాటకు ఒకరు కాలు కదిపి.

"మావా, ఈ ఏడు ముందు బద్రి పాటే ఎయ్యమని ఆ పిల్లకి నువ్వొక మాట సెప్పాల" అన్నాడు పోలినాయుడు, కత్తి నా గొంతు మీద పెట్టి.

"నాకేటి పని?"

"గిన్నె నీదే కదేటి! గిన్నె కాడ ఉన్నోడి మాట కాదంటారా?"

వెనక గదిలోంచి కొండలమ్మ కేక వేసింది. "అలగ సెప్పినావంటే మావా, ఈ ఏడు ఒక్క ఒంకాయ నీ గడప తొక్కదు!"

"ఊరుకోవే, కత్తి మావ పీక మీదున్నాది!"

"అయితే తొందరగా గీసెయ్. ఆ బద్రి పాట ఎయ్యమనే నోరు నీదొకటి సాలు."

"ముందు కత్తి తియ్యరా. ఆనక దెబ్బలాడుకోండి" అన్నాను.

ఇంటికొచ్చి పోయినేటి పుస్తకం తీసి చూశాను. పోయిన జాతరలో సగం ఊరు గంతు వేస్తేనే గిన్నెలో నీళ్లు అంచు ఎక్కి దిగాయి. ఈ ఏడు కొత్త పేట తెరిచారు. జనం పెరిగారు. ఆ సగం ఇంకా బరువైన సగం.

గంతు వద్దనడానికి లేదు. నలభై ఏడేళ్ల కిందట రాట్నం కడుతున్నప్పుడు మనుషులు గాలిలో తేలుతూ, నడుములకు తాళ్లు కట్టుకుని పని చేసేవారు. చక్రం మొదటిసారి తిరిగిన రోజున కాళ్లు నేలకు ఆనాయి. ఆ సంతోషానికి అందరూ ఎగిరి గంతు వేశారు, మళ్లీ నేల మీదే పడ్డారు. అదే తిరుగుడు జాతర. ఆ రోజు గంతు వేయనివాళ్లు మా ఊళ్లో మంచం పట్టినవాళ్లే. మంచం పట్టినవాళ్లను కూడా మంచంతో సహా ఎత్తి దించుతారు.

జాతరకు ఇంకా పద్నాలుగు రోజులు

ఒలికింది.

ఈ రోజు తొలి దరువు. అంటే జాతరలో ఆడించబోయే పాట ఒకటి ఊరందరికీ ముందుగా వినిపిస్తారు. అందరూ వచ్చారు, చేతులు కట్టుకోవడానికి వచ్చినవాళ్లతో సహా.

ఆ పిల్ల ఏం చేసిందంటే, ఉజ్వల గొంతును భద్రి దరువు మీద కూర్చోబెట్టింది. అతుకు ఎక్కడుందో తెలియలేదు. అరనిమిషం పాటు ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. చేతులు కట్టుకుందామంటే పాట మనదే, ఎగురుదామంటే పాట వాళ్లదే. తర్వాత కాళ్లే తేల్చుకున్నాయి. ఆరువేల మంది ఒక్కసారిగా లేచారు, ఒక్కసారిగా దిగారు. మళ్లీ లేచారు. నాకు నేల మెత్తబడినట్టనిపించింది. నాలుగో గంతుకు పైదీపాలు ఊగాయి. ఆరో గంతుకు గిన్నెలో నీళ్లు ఒక పక్కకు లేచి దిమ్మ మీద పడ్డాయి. దోసెడు.

నేను చెయ్యెత్తాను. సాల్మన్ మిషను ఆపేశాడు. ఊరంతా గిన్నె వైపు తిరిగింది.

"తాతా, నేను తుడిచేస్తాను" అంది నిర్ఝర, వేదిక దిగి వచ్చి.

"తుడిస్తే ఒలకనట్టవుద్దేటే?" అన్నాను.

తిట్టినట్టు అన్నాను గానీ తిట్టలేదు. ఆ పాట ఆగినందుకు నాకూ కష్టంగానే ఉంది. ఇన్నేళ్లలో ఊరంతా ఒక్క పాటకు ఎగరడం నేను చూడలేదు.

జాతరకు ఇంకా పదమూడు రోజులు

కౌన్సిల్ ప్రెసిడెంటు వహీదా బేగం గారు పిలిపించారు. బల్ల మీద నా పుస్తకం ఉంది.

"ఎంత ఒలికింది గవరయ్య గారూ?"

"దోసెడు."

"పుస్తకంలో ఎక్కించారా?"

"ఎక్కించినాను."

ఆవిడ పుస్తకం మూసి నా వైపు జరిపారు. "ఎక్కించకపోయి ఉంటే నేను అడిగేదాన్ని కాదు" అన్నారు.

"ఎక్కించకపోతే నన్నెందుకు ఆ గదిలో ఉంచాలమ్మా మీరు?"

ఈ ఏటికి జాతర లేదని నోటీసు అంటించారు. సాయంత్రం నిర్ఝర తూకపు గదికి వచ్చింది. తొట్టి గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు తేలికగా ఉండేది.

"అందరినీ కలుపుదామనుకున్నాను తాతా. తప్పా?"

"తప్పు కాదు. బరువు."

"ఇక మీదట ఎప్పుడూ ఇంతేనా? జనం పెరిగేకొద్దీ ఇక గంతే లేదా మనకి?"

తొట్టి నీళ్లు కొలిచే వంకతో లేచాను. అది వెళ్లాక నాకు సిగ్గేసింది. రాట్నం నా చేతిలో ఉంది. మనుషులు కాళ్లెత్తి గంతు వేయలేని ఊరికి నేను తూకం మేస్త్రినని చెప్పుకుని తిరగడం ఎందుకు?

జాతరకు ఇంకా పదకొండు రోజులు

నిర్ఝరను, సాల్మన్‌ను మిషనుతో సహా తూకపు గదికి రమ్మన్నాను.

రాట్నానికి సొంత ఊపు ఒకటుంది. ఎవరూ గంతు వేయకపోయినా లోపల్లోపల సన్నగా ఊగుతూనే ఉంటుంది, ఉయ్యాలలాగా. తొట్టి గోడ మీద అరచెయ్యి పెడితే నాకు తెలుస్తుంది. ఉయ్యాలను దాని ఊపుకే తోస్తే పెరుగుతుంది, ఎదురు తోస్తే తగ్గుతుంది. ఊపు మీద పడని పాట ఏదైనా దొరుకుతుందేమోనని వాళ్లను పాటలు వేయమని చెప్పి, నేను గోడ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

నలభై పాటలు విన్నాను. పాపం మూటగట్టుకున్నాను. నలభై పాటల దరువూ సరిగ్గా రాట్నం ఊపు మీదే పడుతోంది.

"అదెలా?" అన్నాడు సాల్మన్. "ఎవరూ కొలిచి కట్టలేదు కదా!"

"కొలవక్కర్లేదు. ఉజ్వల, బద్రి, నువ్వు, ఇది... అందరూ ఇక్కడ పుట్టినోలే. తల్లి కడుపులో కూడా ఈ ఊపే. పాట కట్టినా, కాలు కదిపినా ఇదే వస్తాది. నాను ముప్పయ్యో ఏట బూమ్మీంచి వచ్చినాను. అందుకే నా కాళ్లు మీ పాటలకి పడవు. మీరు నవ్వతారు."

"మేం నీ వయసు వల్ల అనుకున్నాం తాతా" అంది నిర్ఝర.

పాటను నెమ్మది చేసి చూద్దామంది. కూరగాయల వీధిలో ఒక స్పీకరు పెట్టి వేసింది. కొండలమ్మ వంకాయల గంప దించి విని, "ఏటిది, మా ఉజ్వలకి జొరమొచ్చినాదా?" అంది. జోరు పెంచి వేసింది. జనం కాసేపు తడబడి, పాటను దాని మానాన వదిలేసి పాత ఊపుకే ఎగిరారు. వాళ్ల కాళ్లతో వాదించి లాభం లేదు.

జాతరకు ఇంకా ఎనిమిది రోజులు

దొరికింది.

పోలినాయుడి ఇంటి ముందు నుంచి వెళ్తుంటే మొగుడూ పెళ్లాం వాకిట్లో ఎండుమిరపకాయలు దంచుతున్నారు. ఒకటే రోలు, రెండు రోకళ్లు. జాతర పోయిందని ఒకరి మీద ఒకరు పడి అరుచుకుంటున్నారు.

"మీ బద్రి దరువు వల్లే ఒలికినాది!"

"మీ ఉజ్వల గొంతుకి గిన్నె జడుసుకున్నాది!"

ఒక్కో మాటకు ఒక్కో పోటు. ఆమె రోకలి లేచినప్పుడు అతనిది పడుతోంది. అతనిది లేచినప్పుడు ఆమెది. అంత కోపంలోనూ రోకళ్లు ఒక్కసారి కూడా తగులుకోలేదు. రోలు పక్కన మంచినీళ్ల చెంబు ఉంది. వంగి చూశాను.

"ఏటి మావా, దాహమా?" అంది కొండలమ్మ.

"ఇద్దరూ ఒక్కసారి కలిపి ఎయ్యండి. ఒక్కసారే పడాల రోకళ్లు."

"పిచ్చెక్కినాదేటి నీకు?"

"ఎయ్యండే!"

వేశారు. చెంబులో నీళ్లు చిందాయి. మళ్లీ విడివిడిగా వేయమన్నాను. చెంబులో నీళ్లు సన్నగా వణికాయి, అంతే.

పరిగెత్తాను. డెబ్భై మూడేళ్లకు ఎంత పరిగెత్తగలనో అంత. నిర్ఝర ఇంట్లో అన్నం తింటోంది.

"ఊరిని కలపొద్దు" అన్నాను. "రెండుగా కొయ్యి. సగం లేచినప్పుడు సగం దిగాల. బద్రి పాట దెబ్బ ఒకటి, ఉజ్వల పాట దెబ్బ దాని సందులో ఒకటి. ఆలెలాగూ ఒకళ్ల పాటకి ఒకళ్లు ఎగరరు. ఆ పంతమే మనకి కావాల!"

చెయ్యి కడుక్కోకుండానే మిషను దగ్గరకు పోయింది. ఉజ్వల పాటను అరదెబ్బ వెనక్కి జరిపింది. మొదట గోలగా వినపడింది. ఇంకో పాట తెచ్చింది, ఇంకొకటి. చీకటి దీపాలు వెలిగేలోగా ఒక జత కుదిరింది. ఉజ్వల, "ఎవరా వచ్చేది నా కిటికీ చుక్కల్లోంచి" అని పాడి ఊపిరి తీసుకునే సందులో భద్రి, "నేనేలే నేనేలే గేటు తియ్" అని పడ్డాడు. ఇద్దరూ వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు గదుల్లో పాడుకున్న పాటలు. ఇప్పుడు వింటే ఒకరికొకరు జవాబిచ్చుకుంటున్నారు.

సాల్మన్ ఎగిరి గంతు వేశాడు. ఒక్కడే కాబట్టి ఊరుకున్నాను.

జాతరకు ఇంకా ఐదు రోజులు

ప్రెసిడెంటు గారికి రెండు రోకళ్లు, ఒక చెంబు పట్టుకెళ్లి చూపించాను. ఆవిడ స్వయంగా ఒక రోకలి పట్టారు.

"అర్థమైంది" అన్నారు. "కానీ ఆరువేల మందిని నమ్మి ఊరిని పణం పెట్టలేను. కౌన్సిల్‌ను ఒకటే షరతు మీద ఒప్పించగలను. జాతర జరుగుతుంది. గిన్నె ఒలికితే మైదానానికి శాశ్వతంగా తాళం. ఇక ఏ ఏడూ జాతర ఉండదు. తూకపు గది తాళంచెవులు కూడా మీరు అప్పగించాలి."

"రాయండి. ఏలుముద్ర కాదు, సంతకం ఎడతాను."

పెట్టాను.

జాతర రోజు

పొద్దున్నే తొట్లు చూసి, గిన్నె నింపి, మైదానం మధ్యలో తాడు కట్టించాను. ఎడమ పక్క ఉజ్వల సేన, కుడి పక్క భద్రి దళం. మధ్యాహ్నానికి ఇసుక వేస్తే రాలనంత జనం. ఒక పక్క పసుపు జెండాలు, ఒక పక్క నీలం జెండాలు. తాడుకు అటూ ఇటూ అధ్యక్షులిద్దరూ. కొండలమ్మ మొగుణ్ణి చూసి మూతి తిప్పింది. అతను తల దువ్వుకున్నాడు.

గిన్నె పక్కన నేను. వేదిక మీద ఆ జంట. నిర్ఝర నా వైపు చూసింది. తల ఊపాను.

భద్రి దరువు పడింది. నీలం జెండాలు లేచాయి. అవి దిగుతుండగా ఉజ్వల పాట అందుకుంది. పసుపు జెండాలు లేచాయి. నీలం, పసుపు. నీలం, పసుపు. నేల అదురుతోంది గానీ ఊగడం లేదు. గిన్నెలో నీళ్లు సన్నగా వణుకుతున్నాయి, అంచు ఎక్కడం లేదు. నా ముప్పై ఒక్క ఏళ్లలో ఊరంతా గంతు వేస్తుంటే రాట్నం ఇంత నిబ్బరంగా ఉండటం ఇదే మొదలు. నాకు నవ్వొచ్చింది. ఎవరూ చూడటం లేదు కదాని నేనూ ఒకటి వేశాను.

నిర్ఝర ఒక పాటలోంచి ఇంకో పాటలోకి జారుతోంది. పెళ్లి పాటలు, పొలం పాటలు, చిన్నపిల్లలు బడికి వెళ్తూ పాడుకునేవి. ప్రతి దాంట్లోనూ ఒకటి అటు, ఒకటి ఇటు. గంట గడిచింది. అప్పుడు ఆ కిటికీ పాట వేసింది.

"ఎవరా వచ్చేది నా కిటికీ చుక్కల్లోంచి..."

"నేనేలే నేనేలే గేటు తియ్!"

జనం ఘొల్లున నవ్వారు. మళ్లీ అడిగింది ఉజ్వల. మళ్లీ చెప్పాడు భద్రి. మూడోసారికి పోలినాయుడు నవ్వుతూ పెళ్లాం వైపు తిరిగి, "నేనేలే" అన్నాడు. కొండలమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను తాడు మీదుగా చెయ్యి చాపాడు. ఆమె పట్టుకుంది.

పదకొండేళ్ల తర్వాత. ఎవరికైనా కళ్లు చెమర్చాలి. నేను గిన్నె వైపు చూశాను.

చేతులు పట్టుకున్నవాళ్లు విడివిడిగా ఎగరలేరు. ఇద్దరూ కలిసి లేచారు, కలిసి దిగారు. వాళ్లను చూసి పక్కవాళ్లు తాడు మీదుగా చేతులు కలిపారు. వాళ్లను చూసి ఇంకొకళ్లు. తాడు కింద పడిపోయింది. నీలం పసుపులో కలిసిపోతోంది. సగం ఊరు ఒకే దెబ్బకు ఎగురుతోంది. పైదీపాలు కదిలాయి. గిన్నెలో నీళ్లు అంచుకు వచ్చి నిలబడ్డాయి.

పాట ఆపితే లాభం లేదు. వాళ్లకు పాట అక్కర్లేదు, ఊపు కాళ్లలోనే ఉంది. వేదిక ఎక్కాను. సాల్మన్ చేతిలో మైకు లాక్కున్నాను.

"ఆపండెహె! ఏటా సంబరం? ఆ బద్రిగాడు పాడతాడా, దగ్గుతాడా? గొంతులో గుమ్మడికాయ అడ్డమడ్డట్టు! ఆడి పాటకి ఎగిరేవోలకి సెవులున్నాయా, సిల్లులున్నాయా?"

ఎగిరేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. తర్వాత పసుపు జెండాలవాళ్లు పగలబడి నవ్వారు. నీలం జెండాలవాళ్ల ముఖాలు ఎర్రబడ్డాయి. నవ్వుతున్న పక్కింటివాళ్ల చేతుల్లోంచి తమ చేతులు లాక్కున్నారు.

"మీరేటి నవ్వతన్నారు?" అన్నాను పసుపు వైపు తిరిగి. "మీ ఉజ్వల పాడతాదా, పంపు కూతెడతాదా? మా మూడో తొట్టి పంపుకి గ్రీజు లేకపోతే ఇలగే కూస్తాది! గ్రీజు ఎట్టండి దానికి, పాట కాదు!"

ఈసారి నీలం వాళ్లు విరగబడ్డారు. పోలినాయుడు అందరికంటే గట్టిగా నవ్వాడు. కొండలమ్మ అతని చెయ్యి విదిలించింది. "నవ్వతావా? రా ఇంటికి, సెప్తాను!" అని తన వాళ్లలోకి నాలుగు అడుగులు వెనక్కి వేసింది. తాడు పడిన చోట మళ్లీ సందు ఏర్పడింది.

నేను అబద్ధం ఆడలేదని ఇక్కడ రాస్తున్నాను. ఇద్దరి గురించీ నా అభిప్రాయం అదే.

నిర్ఝర చురుకైన పిల్ల. నా తిట్లు మిషనులోకి పట్టేసింది. ఒక దెబ్బకు నలభై స్పీకర్లలో నా గొంతు, "పాడతాడా, దగ్గుతాడా?" అని ఉరిమింది. పసుపు సగం ఆ మాట అరుస్తూ నీలం సగం మీదికి గంతు వేసింది. తర్వాతి దెబ్బకు, "పాడతాదా, పంపు కూతెడతాదా?" అని నీలం సగం జవాబిచ్చింది. ఒకళ్లు లేస్తే ఒకళ్లు దిగుతున్నారు. ఒకళ్ల తిట్టు ఆగిన సందులో ఇంకొకళ్ల తిట్టు. అందరి ముఖాల్లోనూ కోపం ఉంది, అందరి పళ్లూ బయటికి కనపడుతున్నాయి. కొండలమ్మ మొగుడి వైపు వేలు చూపించి ఎగురుతోంది. అతను తొడ చరిచి ఎగురుతున్నాడు. మంచాలు కూడా అటొకటి ఇటొకటి లేచి దిగుతున్నాయి.

అంచున నిలిచిన నీళ్లు గిన్నెలోకి దిగాయి.

ఇంకో గంటన్నర ఎగిరారు. ఒక్క చుక్క ఒలకలేదు. ప్రెసిడెంటు గారు వచ్చి దిమ్మ చుట్టూ చెయ్యి పెట్టి తడిమి చూసుకున్నారు. పొడిగా ఉంది.

"మీరు ఎవరి పక్షం గవరయ్య గారూ?" అన్నారు చెవి దగ్గర అరిచి.

"గిన్నె పచ్చం" అన్నాను.

ఆవిడ చెప్పులు విడిచి, నీలం జెండాల్లోకి పోయారు. ఆవిడ భద్రి మనిషని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

జాతర మర్నాడు

ఆరు తొట్లూ సమానం. ఊపు మామూలు.

పగటి దీపాలు వెలిగీ వెలగక ముందే తూకపు గది తలుపు దబదబా బాదారు. తీస్తే సందు పొడుగునా మనుషులు. ముందు కొండలమ్మ, పోలినాయుడు, చెయ్యీ చెయ్యీ పట్టుకుని. పోలినాయుడి రెండో చేతిలో అర్జీ కాగితం.

"సదువు మావా" అంది కొండలమ్మ.

"నువ్వే సదువు. నా కళ్లజోడు లేదు."

పోలినాయుడు చదివాడు. ఉజ్వల సేన, భద్రి దళం మొదటిసారి కలిసి సమావేశమై ఏకగ్రీవంగా తీర్మానించినది ఏమనగా, తూకం మేస్త్రి గవరయ్య ఇద్దరు గాయకులకూ బహిరంగంగా క్షమాపణ చెప్పాలి.

"సెప్పను."

"సెప్పవా?"

"తప్పు మాట ఏదో ఒక్కటి సూపెట్టండి, సెప్తాను. గుమ్మడికాయా? పంపా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వి, మోచేతి పోటు తిన్నారు. మొగుడూ పెళ్లాం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను ఇలాగే అంటానని ముందే తెలిసినట్టుంది. పోలినాయుడు అర్జీని వెనక్కి తిప్పాడు. వెనక పక్కన రెండో తీర్మానం ఉంది.

"చెప్పని పక్షంలో, వచ్చే జాతరలో సదరు గవరయ్య వేదిక ఎక్కి ఇరుపక్షాలనూ మళ్లీ తిట్టాలి. పాత తిట్లు చెల్లవు. కొత్తవి కావాలి. ఇరుపక్షాలూ ఆయన్ని కూతలతో, ఈలలతో ఎదుర్కొనే హక్కు కలిగి ఉంటాయి."

"సమానంగా తిట్టాల" అంది కొండలమ్మ. "నిన్న మా ఉజ్వలకి ఒక మాట ఎక్కువ పడినాది. నేను లెక్కెట్టినాను."

"మా బద్రికే ఎక్కువ పడినాది" అన్నాడు పోలినాయుడు.

అక్కడే మొదలుపెట్టారు. సందులో సగం ఇటు, సగం అటు. గోడ మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను. ఊపు మామూలే.

వాళ్లు వెళ్లాక నిర్ఝర వచ్చింది. గొంతు పోయింది దానికి, సైగలు చేస్తోంది. చెవులు కూడా సరిగా వినపడటం లేదట. అరిచి చెప్పాను, వచ్చే ఏడు కూడా పాటలు కలిపేది నువ్వేనని కౌన్సిల్ రాసిందని. రెండోసారి అరిస్తే వినపడింది. నా మెడ పట్టుకుని ఊపేసింది. ఆ గదిలో ఊగకూడదని చెప్పాను.

పోతూ పోతూ ఒక చిన్న స్పీకరు బల్ల మీద పెట్టి పోయింది. అందులో ఉజ్వల కొత్త పాట ఉంది, ఇంకా ఊళ్లోకి రాలేదు. తిట్లు ముందుగా సిద్ధం చేసుకోమని సైగ చేసింది.

ఇప్పటికి మూడుసార్లు విన్నాను. పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. ఒక్క మాట తోచలేదు. పాట బాగుంది. అదే చిక్కొచ్చి పడింది.